ఐసీయూలో నేను ఊదిన ఊదుడు

సూరత్‌లోని మా సలాబత్‌పురాలో ఎవరిని అడిగినా మా బావను ఐసీయూ నుంచి బయటికి తెచ్చింది నేనేనని చెబుతారు. అలా చెప్పమని వాళ్లకు చాయ్ తాగించింది కూడా నేనే. నిజానికి ఆయన్ను ఏకంగా లోకం నుంచే బయటికి పంపబోయాను. ఎలాగో వినండి.

బావకు నిమోనియా. మందులు ఛాతీని బాగుచేస్తూ కడుపును పాడుచేశాయి. ఒకటే విరేచనాలు. ఐసీయూ బయట మా అక్క కళ్లొత్తుకుంటోంది.

"ఏడువకే అక్కా! నాకు గిట్లనే అయితే ప్రోబయోటిక్ పొడి తాగిన. పొద్దుగూకేసరికి కడుపు నిలవడ్డది."

"డాక్టర్ను అడుగురా."

"గీ పాటిదానికి డాక్టరెందుకు? అన్నీ మంచి క్రిములే. జర పోస్తే ఏమైతది?"

అక్క వద్దన్నకొద్దీ నాలోని వైద్యుడు బలిసిపోయాడు. ఆ పొడి ప్యాకెట్‌ను చొక్కా చేతి మడతలో దాచి లోపలికి దూరాను. బావ మెడలో సన్నని గొట్టం, దాంట్లోంచి మందు నేరుగా నెత్తుట్లోకి వెళుతోంది. నన్ను చూడగానే ఆయన కళ్లలో భయం. మనిషి సోయిలోనే ఉన్నాడన్నమాట.

నేను మరమగ్గాల మధ్య ముసలివాణ్ణయినవాణ్ణి. మాస్కు కిందికి లాగి, దారం కొరికినట్టు ప్యాకెట్‌ను పంటితో కొరికాను. పొడి సగం బావ మెడలోని గొట్టానికి వేసిన పట్టీ మీద పడింది. మగ్గం మీద నూగు పడితే మావాళ్లేం చేస్తారు? ఆలోచించరు, ఊదుతారు. నేనూ బుగ్గలు పూరీల్లా పొంగించి "ఫూ..." అన్నాను. మంచమంతా పొగమంచు!

"కాకా!" నర్సు ఉరికొచ్చింది. మన సిరిసిల్లవాళ్ల పిల్లే, సూరత్‌లో పెరిగింది. "ఏందిది?"

"మంచి క్రిములు బిడ్డా..."

"కడుపుల ఉంటే మంచివి! గా గొట్టంల నుంచి నెత్తుట్ల పడితే? అసలే ఒంట్ల తాకత్ లేని మనిషి. చలో, బాహర్!"

పట్టీ మార్చారు, గొట్టం మార్చారు, నెత్తురు పరీక్షకు పంపారు. "నా మనిషికేమన్నా కావాలె, నీ సంగతి చెప్త" అని అక్క మొహం తిప్పేసుకుంది. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఐసీయూ తలుపు దగ్గరే కాపలా కాశాను. నెత్తురులో ఏ క్రిమీ లేదని తేలాకే ఊపిరి పీల్చాను. ఊదలేదు, పీల్చానంతే.

బావను వార్డుకు మార్చాక దగ్గరికి వెళ్లి, "బావా, ఎట్లున్నవ్?" అన్నాను.

"మంచిగనే ఉన్న. నువ్వు జర దూరంకెళ్లి మాట్లాడు. గాలి తగుల్తంది."

అందుకే మా కులదేవత సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో దేన్నీ ఊదను. చాయ్ నాలుక కాల్చినా సరే. మొన్న మనవరాలి పుట్టినరోజు కేకు మీది కొవ్వొత్తులను కూడా బావే ఆర్పాడు, ఒక్క ఊదుతో.