వెన్ను మీది గీత

నిన్న చిల్కానగర్‌లో పక్కింటివాళ్లు గడపకు జాజు పూస్తున్నారు. ఆ తడి ఎర్రమట్టి వాసన తగిలిందో లేదో, నా కుడి నడుము మీది పాత మచ్చ జివ్వుమంది. నవ్వుకుంటే నవ్వుకోండి, ఆ పాము చచ్చిందంటే నేను ఇప్పటికీ నమ్మను.

నా చిన్నప్పుడు నాచారంలో మా పక్క గదిలో సులోచనక్క ఉండేది. బిస్కట్ల కంపెనీలో అట్టపెట్టెల మీద మార్కర్‌తో నంబర్లు రాసే పని. అమ్మానాన్నలను తీసుకుపోయిన హెచ్‌ఐవీ తొమ్మిదేళ్ల నాలోనూ ఉందని తెలిసి, ఇరుగుపొరుగు మా గడప తొక్కడం మానేశారు. ఆమె మాత్రం వచ్చి నాయనమ్మకు తన మాత్రల డబ్బా చూపించింది. "నేను గూడ గివే మింగుతున్న అవ్వా. సూడు, సచ్చిన్నా?" అని పకపకా నవ్వింది. నన్ను దవాఖానాకు తీసుకెళ్లి మందులు మొదలుపెట్టించిందీ ఆమే.

రెండో నెలలో నాకు ఆకలి పుట్టింది. మారు అన్నం అడిగితే నాయనమ్మ సంతోషం పట్టలేక ఏడ్చేసింది. ఆ వారంలోనే నడుము మీద మంట, దాని వెంటే వరసగా నీటి పొక్కులు. "సర్పి!" అంది నాయనమ్మ. సర్పి పాములా నడుము చుట్టుకుంటుందని, తలా తోకా కలిసిననాడు ప్రాణం పోతుందని మావాళ్ల నమ్మకం. ఆమె జాజు కలిపి పొక్కుల చుట్టూ పాము బొమ్మ గీసింది, తలకు కళ్లు కూడా పెట్టింది. రోజూ పొద్దున్నే తలకూ తోకకూ మధ్య ఎడం దారంతో కొలిచేది. నేను బోర్లా పడుకుని, చర్మం కింద అది జరుగుతున్న చప్పుడు వినేదాన్ని. నిజంగానే వినేదాన్ని.

మూడో రోజు సులోచనక్క వచ్చి, అలవాటుగా నా డబ్బా చెవి దగ్గర ఊపింది. నిండు డబ్బా చప్పుడు చేసింది.

"ఏందవ్వా, పోరికి మాత్రలేస్తలేవా?"

"గా మందే పామును లేపింది. ఇంక వెయ్య."

అక్క వెంటనే మమ్మల్ని ఆటో ఎక్కించింది. ఎప్పుడో అమ్మవారు పోసినప్పటి క్రిమి నరాల్లో నిద్రపోతోందని, మందులతో రోగాన్ని ఎదుర్కొనే శక్తి తేరుకునేటప్పుడు అలాంటివి ఒక్కోసారి బయటపడతాయని డాక్టరమ్మ చెప్పింది. సర్పికి వేరే మందు రాసి, పాత మాత్రలు ఒక్క పూట కూడా ఆపొద్దంది. ఆ మాటతో నాయనమ్మ ఇంకా బెదిరింది. "లోపల ఇంకేమేం పండుకున్నయో!" అని గొణుక్కుంది.

ఇంటికొచ్చాక అక్క మార్కర్ తీసి, నా వెన్నుపూస పొడవునా నిలువుగా గీత గీసింది. చల్లగా తగిలింది.

"అవ్వా, గిది గట్టు. పాము గట్టు దాటితే మందు ఆపు, నేను అడ్డం రాను. దాటేదాక పోరి మింగుడే. మాటియ్యి."

నాయనమ్మ చేతిలో చెయ్యి వేసింది. ఇక నా బతుకంతా ఆ గీత మీదికొచ్చింది. ఒక రోజు తల బెత్తెడు దూరంలో ఉంది, మర్నాడు వేలెడు. ఆ తర్వాతి రోజు తెల్లవారుతుండగా, నాయనమ్మ నల్లా దగ్గరికి పోయినప్పుడు, కొబ్బరినూనె వాసన వచ్చింది. వెన్ను మీద ఏదో రుద్దినట్టయింది, తర్వాత చల్లగా పాకింది. పామే అనుకుని భయంతో కళ్లు తెరవలేదు.

వెలుతురు వచ్చాక, చూపు సరిగా ఆనని నాయనమ్మ వేలితో గీతను పైనుంచి కిందికి తడిమింది.

"దాటలె," అంది. మాత్ర తానే నా నోట్లో వేసింది. నాలుగు రోజుల్లో పొక్కులు మాడిపోయాయి.

పెద్దయ్యాక సులోచనక్కను అడిగాను, సర్పి వెన్ను దాటదని నీకు ముందే తెలుసా అని. "అందరికి దాటదే. నీ అసొంటి ఒంట్ల యాడికన్న పోతదని డాక్టరమ్మ జెప్పింది," అంది. మరి దాటి ఉంటే ఏం చేసేదానివంటే నవ్వి, నా మాత్రల డబ్బా తీసి చెవి దగ్గర ఊపింది. తెలంగాణ వచ్చిన ఏడే ఆమె గుండెపోటుతో పోయింది. నేను గుండెలు బాదుకుని ఏడ్చాను.

ఆ తర్వాత ఒకరోజు ఉప్పల్‌లో బట్టల షాపుకు వెళ్తే, ట్రయల్ రూంలో ఎదురెదురుగా రెండు అద్దాలు ఉన్నాయి. నా వీపును నేను మొదటిసారి పూర్తిగా చూసుకున్నాను. మచ్చ వెన్నుపూసను వేలెడు దాటి, అవతలికి పోయి ఆగింది. ఆనాటి కొబ్బరినూనె వాసన, అక్క మార్కర్ చల్లదనం ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

ఇప్పటికీ మాత్ర మింగే ముందు నా చెయ్యి వెనక్కి పోయి ఆ వేలెడు చోటును తడుముతుంది.