సుల్తాన్ బజార్‌లో టార్పాలిన్ తీయించిన కేసు

2022 ఎండాకాలం. సిటీ సివిల్ కోర్టులో జడ్జి ముందు వాదించడం తేలిక. అబిడ్స్‌లోని నా ఆఫీసులో క్లయింట్లతో వాదించడమే కష్టం. ఆ రోజు వచ్చిన బాలమణికి సుల్తాన్ బజార్ గల్లీలో చీరలకు ఫాల్స్, పీకో కుట్టే దుకాణం ఉంది. ఆమె దగ్గర పనిచేసిన స్వరూప ఎదురుగానే అదే పని మొదలుపెట్టింది. గిరాకీ సగం అటు మళ్లింది.

"నా దగ్గర నేర్చుకొని నా ముంగటనే పెట్టింది మేడం. కేసు ఏసి బంద్ చేయించున్రి."

అది కుదరదన్నాను. ఇలాంటి దావా టార్ట్ కింద వేయాలి; టార్ట్ అంటే ఒకరి హక్కుకు ఇంకొకరు చేసిన హాని. గిరాకీ పోతే నష్టమే, కానీ నిజాయితీగా పోటీపడి లాక్కుంటే ఏ హక్కూ పోలేదు. ఇది ఆమెకు చెబుతుంటే నాకే ఒళ్లు మండింది. నా దగ్గర దావా రాయడం నేర్చుకున్న లావణ్య మా బిల్డింగులోనే కింది అంతస్తులో బోర్డు పెట్టింది. లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులున్న క్లయింట్లంతా అక్కడే ఆగిపోతున్నారు. స్వరూపకు దుకాణం కాగితాలు రాసిచ్చిన వకీలు కూడా ఆవిడేనట.

ఇక ఊరుకుంటానా? వెళ్లి గల్లీ చూశాను. స్వరూప ఎండకు తన దుకాణం ముందు పరదాలా టార్పాలిన్ దించి, దాని తాళ్లు అడగకుండానే బాలమణి గోడ కొక్కేలకు కట్టింది. ఇతరుల ఆస్తిని అనుమతి లేకుండా వాడుకుంటే ట్రెస్‌పాస్. దానికి డ్యామేజెస్, అంటే పరిహారం అడగొచ్చు. తీసేయమని మాండేటరీ ఇంజంక్షన్, అంటే కోర్టు ఆదేశం, అడగొచ్చు. నేను తీయించమనే అడిగాను.

వాయిదా రోజు కారిడార్‌లో లావణ్య రాజీకొచ్చింది. తాళ్లు విప్పి, తమవైపే కర్రలు పాతి కట్టుకుంటారట.

"పరదా మాత్రం ఉండనీయండి మేడం. మీ బాలమణక్కకే మంచిది."

"ఆమెకేది మంచిదో నువ్వు చెప్తావా?" అన్నాను. బాలమణి నాకన్నా గట్టిగా వద్దంది.

గెలిచాం. టార్పాలిన్ పూర్తిగా తీసేశారు. ఎండలు తగ్గాయి కదాని స్వరూప తనవైపు కర్రలు పాతి మళ్లీ కట్టనూ లేదు. కొద్దిరోజులకే బాలమణి మళ్లీ వచ్చింది, ముఖం పీక్కుపోయి.

"పరదా ఉన్నప్పుడు ఏం కనబడకపోతుండె మేడం. ఇప్పుడు దాని దుకాణంల ఎవరొచ్చిన్రో, ఎన్ని చీరలిచ్చిన్రో అన్నీ కనబడ్తున్నయ్. మిషన్ మీద చెయ్యి ఆడ్తలేదు. వంకర కుట్టు పడ్తున్నదని ఉన్న గిరాకీ కూడా అటే పోతున్నది."

దీనికి కోర్టులో రెమెడీ లేదన్నాను. అప్పటినుంచీ దావా వేసే ముందు ప్రతి క్లయింటునూ అడుగుతున్నాను: గెలిచిన మర్నాడు నీ దుకాణంలో కూర్చుంటే నీకేం కనబడుతుంది?

పరదా తీస్తే బాలమణికి ఏం కనబడుతుందో లావణ్య కారిడార్‌లోనే కనిపెట్టింది. నేను నేర్పని విద్య అది. నాకు మింగుడు పడనిది అదే.