అక్కకు పెట్టిన చీరలు

మా ఇస్త్రీ అతను చొక్కాలకు గంజి ఎక్కువ పెడతాడు. మెడ తిప్పాలంటే కాలరు అనుమతి తీసుకోవాలి. అదేమంటే "గంజి ఉంటేనే మర్యాద సార్" అంటాడు. ఈ ఉదయం ఆ గంజి వాసనకు గద్వాలలోని ఈరన్న మామ గుర్తొచ్చాడు. వీధి పొడవునా పడుగు దారాలు చాపి గంజి పెట్టే మనిషి. డిగ్రీ పూర్తయి, నా కోసం ఏ ఉద్యోగమూ ఎదురుచూడటం లేదని తెలిశాక, ఆయన మగ్గం మీద రెండో మనిషిగా కూర్చున్నాను. నన్ను "డిగ్రీ" అనే పిలిచేవాడు. నూలు చీరకు పట్టు అంచు కలపడం నేర్పాడు. ఎవరినీ ఏమీ అడగకుండా బతకడమూ నేర్పాడు. "అడిగితె ఇస్తరు డిగ్రీ. ఇచ్చినంక సూసే సూపు మోయలేం" అనేవాడు. ఆ వయసులో అది గొప్ప మాటలాగే వినిపించింది.

తొంభైల మొదట్లో ఆయన ముఖం ఉబ్బసాగింది. హైదరాబాదు దవాఖానలో రెండు కిడ్నీలూ పోయాయన్నారు. వారానికి రెండుసార్లు యంత్రం మీద రక్తం శుద్ధి చేయించుకోవడం, తిరుగు బస్సులో నా భుజం మీద నిద్ర. "తోడబుట్టినవాళ్లు ఒక కిడ్నీ ఇస్తే బతుకుతావు. ఆలస్యం చెయ్యకు" అన్నాడు డాక్టరు. తోడబుట్టింది ఒక్కతే, బిజినేపల్లిలో ఉండే అక్క లక్ష్మమ్మ. ఆడబిడ్డను ఆ మాట తానెలా అడుగుతానని మామ భార్య తప్పుకుంది.

వనపర్తిలో బస్సు మారి వెళ్లాం. ఉత్తచేతులతో అక్క గడప తొక్కే తమ్ముడు మా వైపు ఉండడు. మామ చీర పెట్టి కాళ్లకు మొక్కాడు. దాంతో మా పని చెడింది. ఆడబిడ్డకు పెట్టిన చేతిని మళ్లీ ఆమె ముందే చాపకూడదు. అన్నం తిని, వానల గురించి మాట్లాడి వచ్చేశాం.

"ఈసారి చీర లేకుండ పోదాం మామా" అన్నాను బస్సులో.

"ఉత్తచేతుల్తోని పోతె తమ్ముడెట్లయితడు ర? గిదేనా నీ సదువు?" అని నా డిగ్రీ మీద జాలిపడ్డాడు.

రెండోసారి ఇంకో చీర, మళ్లీ వానలు. మూడోసారికి ఆయన మగ్గం గుంటలోకి దిగలేకపోయాడు. ఆ చీర ఆయన భార్య, నేనూ కలిసి నేశాం. అది అందుకుని అక్క ఆయన ముఖంలోకి చూసింది.

"ఏందిరా గిట్ల ఉబ్బినవ్? నీళ్లు సుత తాగుతలేవు?"

"ఏం లేదక్కా. ఉప్పు తగ్గియ్యమన్నరు."

"నువ్వన్న చెప్పు బిడ్డా. ఏమైంది వీనికి?"

మామ నా వైపు చూశాడు. ఆయన నేర్పిన విద్య నాకు బాగానే వంటబట్టింది.

"ఎండకు అలిసిండు పెద్దమ్మా" అన్నాను.

నాలుగో చీర మగ్గం మీద సగంలో ఉండగా ఆయన పోయాడు.

ఇప్పటికీ ఆఫీసులో ఒకరోజు సెలవు అడగడానికి నాకు నాలుగు రోజులు పడుతుంది. తోటివాళ్లు దాన్ని సంస్కారం అనుకుంటారు. నేనూ దిద్దను.

మామ పోయిన పదో దినాన ఆయన భార్య అక్కకు అంతా చెప్పేసింది. లక్ష్మమ్మ ఏడవలేదు. లేచి, అరుగు మీద కూర్చున్న నా దగ్గరికొచ్చి నిలబడింది.

"వాడంటె పెట్టినోడు, అడగనీకి సిగ్గువడ్డడు. నువ్వేం పెట్టినవని నోరు మూసుకున్నవ్?"