రబ్బరు కప్ప

నిన్న నేపర్‌విల్‌లో తమ్ముడి గరాజ్ సర్దుతుంటే మూలన పాత ఫిషింగ్ రాడ్ కనిపించింది. దాని చివర రబ్బరు కప్ప వేలాడుతోంది. ఎనభైల్లో ఇక్కడ అమెరికాలో పెరిగిన ఆడపిల్లలూ, మీ ఇళ్లలోనూ ఇలాంటిదేదో ఉండే ఉంటుంది.

మా అపార్ట్‌మెంట్ల వెనక లేక్ నడుంలోతు కూడా ఉండేది కాదు, నిండా నాచు. మామూలు గేలం వేస్తే గడ్డే వచ్చేది. అందుకే నాన్న నాచులో చిక్కుకోకుండా పైపైన తేలే ఆ కప్ప ఎరని కొన్నాడు. నాచు మీద దాన్ని మెల్లగా గెంతిస్తే, కింద నక్కిన బాస్ చేప ఆ పచ్చదనాన్ని చీల్చుకుని పైకి లేచేది. నాన్న తొందరపడి లాగి పోగొట్టేవాడు. నేను ఒక్క క్షణం ఆగి లాగేదాన్ని. "నీ హస్తవాసి మంచిదే తల్లీ," అనేవాడు. కప్పకి దారం ముడి కూడా నాచేతే వేయించేవాడు.

పన్నెండేళ్లకి పెద్దమనిషినయ్యాను. ఆంటీలు పసుపు రాసి, ఓణీ వేసి, హారతిచ్చారు. ఆ తర్వాతి శనివారం నేను షూస్ వేసుకుంటుంటే నాన్న నావైపు చూడకుండా అన్నాడు: "ఇంక నువ్వు రావద్దులే. అక్కడంతా మగాళ్లే ఉంటారు."

అమ్మ తరగమని నా ముందు ఉల్లిపాయలు పెట్టింది. రాడ్ తమ్ముడిదైంది. వాడికి చేప వాసనంటేనే వాంతి.

"తీస్కెళ్తావా అక్కా? నేనెప్పుడూ యూజ్ చెయ్యలేదు," అన్నాడు నిన్న.

కప్ప కాళ్లకి ఎండిన నాచు ఇంకా అంటుకునే ఉంది. నేను వేసిన ముడిని ఎవరూ విప్పనైనా లేదు.