నంబరు అడగని కమాండ్

కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్‌లో కదలకుండా ఉండిపోయిన ప్రాసెసర్‌కు ఇంటరప్ట్ పంపి తట్టిలేపే కమాండ్‌ను డిజైన్ చేసింది నేనే. ప్రాసెసర్ నంబరు ఇవ్వకపోతే అన్ని ప్రాసెసర్లకూ వెళ్లేలా పెట్టాను. "నంబరు లేకుంటే ఏదని అడగాల కదప్పా" అని టెస్టింగ్ చూసే జయంతి అక్క అప్పుడే అంది. నవ్వి కొట్టిపారేశాను.

ఈ రోజు వైట్ టౌన్ ఆఫీసులో అక్క తొందరలో ఆ కమాండ్ కొడుతూ నంబరు మరిచింది. ఇంటరప్ట్ బాగున్నవాటికీ తగిలి మెషీన్ మొత్తం కూలింది. మూడు రోజులుగా నడుస్తున్న ఆమె టెస్టు పోయింది.

"నాదే తప్పు, నంబరు మరిచిపోతిని" అంది అక్క, అందరి ముందూ. నేను నోరు విప్పలేదు.

అందుకే సాయంత్రం ఈ పోస్టులో క్షమాపణ రాస్తున్నాను. కోసపాళయంలో పుట్టిపెరిగి తమిళ బడిలో చదివిన అక్క ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ, చదవడం రాదు. అది తెలిసే తెలుగులో రాశానని మీలో ఎంతమంది కనిపెట్టారు?