తవ్వకుండా వదిలిన గోడ

ల్యాబ్ రిపోర్టు నా ఫోన్‌కు వచ్చేసరికి నేను తార్నాక చౌరస్తాలో రోడ్డు దాటడానికి నిలబడి ఉన్నాను. చదవగానే ఎగిరి గంతేయాలనిపించింది. మా తవ్వకంలో ఇనుము కరిగించిన పాత పొయ్యి ఒకటి, అందులో మాడిన ఉలవలు దొరికాయి. మన ప్రాంతానికి ఇనుము ఎప్పుడొచ్చిందో పాఠ్యపుస్తకంలో ఉంది కదా, ఆ ఉలవల వయసు దానికంటే కొన్ని వందల ఏళ్ళు వెనక్కి పోయింది. సిగ్నల్ పడి జనం కదిలేసరికే నా సంబరం చల్లారింది. ఆ పాఠ్యపుస్తకం రాసింది మా సార్.

మా సారంటే నా పీహెచ్‌డీ గైడు. ఎప్పుడో రిటైరయ్యారు, తార్నాకలోనే రెండో అంతస్తులో ఉంటారు. క్యాంపస్‌లో నేనిప్పుడు చెప్పే పాఠాలన్నీ ఆయన దగ్గర విన్నవే. కోస్తా నుంచి వచ్చిన టీచర్ల ఇంటి పిల్లని, చేతికి మట్టి అంటితే పరుగెత్తి కడుక్కునేదాన్ని. నా చేత పార పట్టించింది ఆయనే. సరిగ్గా ఆ నెలలోనే ఆయన పుస్తకం కొత్త ముద్రణకు సిద్ధమై, ముషీరాబాద్ ప్రెస్సు నుంచి ప్రూఫులొచ్చాయి. చెబితే ఆయన జన్మంతా చేసిన పనిని నా చేత్తో కొట్టేసినట్టు. చెప్పకపోతే తప్పు మళ్ళీ అచ్చవుతుంది, ఆపైన నా వ్యాసం బయటికొచ్చి ఆయన్ని నలుగురిలో నవ్వులపాలు చేస్తుంది.

చెప్పలేదు. క్లాసులయ్యాక మల్కాజ్‌గిరిలోని మా ఇంటికి పోకుండా ఆయన ఇంటికే వెళ్ళేదాన్ని. ఇవాళ చెప్పేస్తాననుకునే మెట్లెక్కేదాన్ని. ఆయనకు చూపు తగ్గింది. "బిడ్డా, అచ్చుతప్పులు జర నువ్వే చూడరాదు" అని ప్రూఫుల కట్ట నా ముందుకు తోశారు. దీర్ఘాలు, ఒత్తులు దిద్దాను. ఇనుప యుగం అధ్యాయం కూడా దిద్దాను. తప్పని తెలిసిన వాక్యంలోనే, జారిపోయిన కామాను శ్రద్ధగా పెట్టాను. నా మీద నాకే ఒళ్ళు మండింది. అయినా వాళ్ళావిడ పెట్టిన సర్వపిండి తిని, భలే ఉందండీ అని మెచ్చుకుని మరీ దిగొచ్చాను. అంత సిగ్గులేనితనం నాలో ఉందని నాకే తెలియదు.

ఇంకో సంగతి కూడా లోపల పీకుతూ ఉండేది. ఆ ఉలవలు దొరికింది ఆయన తవ్విన గుంటలోనే. తవ్వకాల్లో మాకో పద్ధతుంది. గుంట మొత్తం తవ్వేయం. ఒక పక్క మట్టిని గోడలాగా ముట్టుకోకుండా వదిలేస్తాం. రేపెప్పుడైనా ఇంకా మంచి పరికరాలతో ఎవరైనా వస్తే, మేం చెప్పింది నిజమో కాదో దాన్ని చూసి తేల్చుకుంటారని. నా చిన్నప్పుడెప్పుడో ఆయన వదిలిన గోడ గడ్డి మొలిచి అట్లాగే నిలబడి ఉంది. పొయ్యి దాని అడుగునే ఉంది. ఆయన నమ్మి వదిలిపెట్టిన మట్టిని కోసి, దానితోనే ఆయనది తప్పని తేల్చాను.

ప్రూఫులు ప్రెస్సుకు తిరిగి వెళ్ళే ముందురోజు ఇక తప్పక నోరు విప్పాను.

"సార్, మీ గోడలోంచి ఒక డేట్ వచ్చిందండీ. మన పుస్తకంలో ఉన్నదానికంటే చాలా పాతది."

ఆయన కళ్ళద్దాలు తీశారు. "బొగ్గా, గింజలా?"

"గింజలేనండీ. ఉలవలు."

బొగ్గయితే ఏ ముసలి చెట్టుదో అయి, పొయ్యి కంటే ఎక్కువ వయసు చూపించవచ్చు. గింజ అట్లా కాదు, ఆ ఏటి పంటే. ఆయనకు ఆ సందు కూడా లేకుండా పోయింది.

ఆయన కుంగిపోతారని తల దించుకుని కూర్చున్నాను. నవ్వు వినబడింది. "గట్లనా! నేను పోయేలోపల ఎవరన్న తేలుస్తరని అనుకోలే. నువ్వే తేల్చినవు, మంచిగయింది." నా చేత ఆ పేజీ వెతికించుకుని, ఆ పేరా మీద అడ్డంగా గీత కొట్టేశారు. "రిపోర్టొచ్చి ఎన్ని దినాలైంది?"

"వారం దాటిందండీ."

"నా మొహం చూసి బుగులుపడ్డవా? పిచ్చిదానా."

నాకు ఏడుపొచ్చింది. ఇంత తేలిగ్గా గట్టెక్కానా అనుకున్నాను. ఆయన టీ కప్పు అందుకుంటూ మామూలుగా అడిగారు.

"గోడ ఇంకెంత మిగిలింది?"

డేట్ కోసమైతే కాసిని గింజలు చాలు. వానలు దగ్గరపడుతున్నాయని, తవ్వే అనుమతి అయిపోతోందని, ఇంకేమైనా దొరక్కపోతుందా అన్న ఆశతో గోడంతా కూలగొట్టించాను. ఎవరూ చెప్పలేదు, నేనే చేయించాను.

"ఏం మిగల్లేదండీ. మొత్తం తీసేశాం."

తన తప్పు విని నవ్విన మనిషి ముఖం ఇప్పుడు చిన్నబోయింది. కప్పు పక్కన పెట్టేశారు. తిట్టినా బాగుండేది.

"మరి రేపు నువ్వు తప్పయితే ఎట్ల బిడ్డా?" అన్నారు. "ఏడ చూసి చెప్పాలె నీకు?"