మాయాబందర్ రూటర్ చెప్పిన జవాబు

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. నా పనంతా యంత్రాలతో. ఉందంటే ఉంది, లేదంటే లేదు. అలాంటి నేనే ఇది రాస్తున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

మాది అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్‌లో డాలీగంజ్. దీవుల్లోని ఆఫీసులకు నెట్‌వర్క్ చూసే ఒక కాంట్రాక్టు సంస్థలో ఇంజనీరుని. ఒక్కో ఆఫీసులో ఒక్కో రూటర్. అసలు లైను పడిపోతే శాటిలైట్ మీదికి మళ్ళేలా ప్రతి రూటర్‌లో ఒక సెట్టింగ్ పెట్టి ఉండాలి. అది ఉందో లేదో రోజూ పొద్దున్నే చూసే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాసింది నేనే. సెట్టింగ్ కనిపిస్తే "ఉంది" అని రాస్తుంది, లేకపోతే "లేదు" అని రాస్తుంది. అంతే షరతు.

ఉత్తరాన దూరంగా ఉన్న మాయాబందర్ రూటర్‌ని దేవదానం బాబాయ్ అక్కడే ఉండి చూసేవాడు. మా చర్చి మనిషే, సొంతిల్లు ఇక్కడే పోర్ట్‌బ్లెయిర్ బతు బస్తీలో. చదువు తక్కువ, పనితనం గట్టిది. రూటర్‌ని ముట్టుకునే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాడు. దాని మీద నేను ఆఫీసులో చాలా జోకులు వేశాను.

ఒక వానాకాలం వరసగా పది రోజులు మాయాబందర్ పక్కన "లేదు" అని వచ్చింది. రిపోర్టు ఆఫీసరుకు పంపాను. బాబాయ్ ఫోన్ చేశాడు.

"అరే బాబూ, నేను పెట్టీసినాను రా. సామ్నే కనబడతంది. కసమ్ సే!"

"స్క్రిప్టు అబద్ధం చెప్పదు బాబాయ్," అన్నాను. ఆ నెలాఖరుకు అతని ఉద్యోగం పోయింది.

తర్వాతి వారం నా తప్పు నాకే దొరికింది. ఆ పది రోజులూ ఆ వేళకి మాయాబందర్ లైను పడిపోయి ఉంది, వానకి శాటిలైట్ కూడా అందలేదు. రూటర్ అసలు జవాబే ఇవ్వలేదు. జవాబు రాకపోతే ఏం చెయ్యాలో నేను రాయలేదు కాబట్టి అదంతా "లేదు" కింద పడిపోయింది. గుట్టుగా సరిచేశాను. జవాబు వచ్చి, అందులో సెట్టింగ్ కనిపిస్తేనే "ఉంది". జవాబు రాకపోతే "తెలియదు". అలా నడిపితే మాయాబందర్ పక్కన "ఉంది" అని వచ్చింది. బాబాయ్ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, అంటే పెట్టింది బాబాయే.

ఎవరికీ చెప్పలేదు. అప్పటికి నా ప్రమోషన్ కాగితం ఆఫీసరు బల్ల మీద ఉంది.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయానికి బాబాయ్ లేచాడు. "నేను పని ఎగ్గొట్టలేదు. పెట్టినానని దేవుడికి మాలూమ్," అన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను పాటల పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా లేవలేదు.

క్రిస్మస్ రాకముందే బాబాయ్ గుండె ఆగి పోయాడు. సమాధి దగ్గర మట్టి వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

కొన్నాళ్ళకు మాయాబందర్‌కి కొత్త నెట్‌వర్క్ అడ్రసుతో కొత్త రూటర్ వెళ్ళింది. పాతది ఓడలో మా ఆఫీసుకు వచ్చింది. నా బీరువాలో పెట్టి తాళం వేశాను. కరెంటు లేదు, ఒక్క వైరు లేదు. స్క్రిప్టు జాబితాలోంచి దాని అడ్రసు తీసేయడం మరిచిపోయాను.

మర్నాడు పొద్దున రిపోర్టులో దాని పక్కన "తెలియదు" అని ఉండాలి. "ఉంది" అని ఉంది.

ఆ అడ్రసు వేరే యంత్రానికి ఇచ్చారేమో అనుకున్నాను. ఇద్దరు సహోద్యోగులతో కలిసి వెతికాను. దేనికీ ఇవ్వలేదు. వచ్చిన జవాబు మొత్తం తీసి చూశాను. అందులో రూటర్ సీరియల్ నంబరు ఉంది. బీరువా తెరిచి, పెట్టెను తిరగేసి, అంకె అంకె పోల్చుకున్నాను. అదే నంబరు. పెట్టె చల్లగా ఉంది.

ఇప్పటికీ రోజూ పొద్దున్నే "ఉంది" అని వస్తూనే ఉంది. షరతును ఎన్నిసార్లు తిరగరాశానో లెక్క లేదు. అందులో ఏ తప్పూ దొరకలేదు. కరెంటు లేని పెట్టె ఎలా జవాబిస్తోందో నాకు తెలియదు.

పోయిన ఆదివారం చర్చి గుమ్మం దగ్గర బాబాయ్ భార్య మరియమ్మ పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"బాబూ, నువ్వు ఇంజనీరువి. సచ్ సచ్ చెప్పు. నలుగురూ ఆయన్ని కామ్‌చోర్, పనిదొంగ అంటంటే ఇనలేక పోతన్నాను. మా ఆయన అది పెట్టినాడా, లేదా?"

ఆ పొద్దుటి రిపోర్టు నా జేబులో, ఫోన్లోనే ఉంది.

"లేదు పిన్నీ," అన్నాను.